ఎడమ ముందు టైరు

మొన్నామధ్య మా అమ్మాయీ అల్లుడూ నన్ను కారులో గుంటూరు నుంచి ఒంగోలు తీసుకెళుతుంటే, చిలకలూరిపేట దాటిన తరువాత రోడ్డు అంచున ఊడిపడిన లారీ టైరు తొక్క ఒకటి మెలితిరిగి పడి ఉండటం చూశాను. అల్లుడు దాన్ని పట్టించుకోకుండా కొంచెం పక్కకు తిప్పి పోనిచ్చాడు గానీ, నేను మాత్రం సీట్లో వెనక్కి తిరిగి అది కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నాను. అది ముందు టైరుదా వెనక టైరుదా, ఆ బండి ఎక్కడ ఆగింది, అసలు ఆ టైరు తనంతట తను పోయిందా లేక ఎవరి నిర్వాకమైనా ఉందా అని నాలో నేనే విచారణ మొదలుపెట్టాను. అమ్మాయి నా వాలకం చూసి, కడుపులో తిప్పుతోందా నాన్నా అని అడిగింది. లేదమ్మా అన్నాను. నన్ను తిప్పుతున్నది ఆ టైరేనని ఆ పిల్లకు ఏం చెప్పను?

నా వయసు వాళ్ళలో లారీ స్టీరింగు పట్టిన వారెవరైనా ఇది చదువుతుంటే నన్ను చప్పున అర్థం చేసుకుంటారు. ఆ రోజుల్లో డ్రైవరుకు అనుమానమే అన్నం పెట్టేది. ఎదురొచ్చే బస్సు దారి ఇస్తుందో లేదో అనుమానం, బంకులో పోసింది డీజిలో కిరసనాయిలో అనుమానం, హోటలు వాడు వేడి చేసి పెట్టిన పప్పు ఏనాటిదో అనుమానం. బండి ఎక్కే ముందు జాకీ రాడ్డు తీసుకుని ఒక్కొక్క టైరునూ కొట్టి, శబ్దం ఖంగుమంటే గాలి బాగున్నట్టు, మొద్దుగా వస్తే తగ్గినట్టు లెక్క వేసుకునేవాళ్ళం. తరువాత వంగి రాళ్ళ గాట్లు ఏమైనా పడ్డాయేమోనని కళ్ళతో వెతికేవాళ్ళం. నాకు ఈ అలవాటు మరీ ముదిరిపోయి, ఊళ్ళో ఎవరి బండి కనబడినా కాలితో ఒక తాపు తన్నితే గానీ ముందుకు వెళ్ళలేకపోయేవాణ్ణి. పెళ్ళిచూపుల్లో పిల్ల కూర్చున్న కుర్చీని కూడా రాడ్డుతో కొట్టి చూశానని మా ఆడవాళ్ళు చాలాకాలం నన్ను ఆటపట్టించారు. అది అబద్ధం. కుర్చీ కాలు కాస్త ఊగుతుంటే చేత్తో పట్టుకుని చూశాను, అంతే.

అప్పట్లో నేను నడిపిన లారీ మా బావది, అంటే మా అక్క భర్తది. అక్క నాకన్నా బాగా పెద్దది, నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. తమ్ముడు వేరేవాళ్ళ బండి నడపడమేమిటి, మన బండే నడుపుతాడు అని బావను ఒప్పించి నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టింది ఆవిడే. బావ మంచివాడే గానీ మాట పొదుపు, నేనేమో మాట పొదుపు మనుషుల్ని చూస్తే ఏదో దాస్తున్నారనుకునే రకాన్ని. అయినా మా ఇద్దరికీ అక్క అంటే ప్రాణం కాబట్టి ఆ లోపాలు పెద్దగా పైకి కనబడేవి కావు.

ఒక ఏడు శివరాత్రికి ముందు నా భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళడంతో, పుట్టిన బిడ్డను చూడటానికి నేనూ అత్తవారి ఊరు వెళ్ళి కొన్నాళ్ళు ఉండిపోయాను. ఆ రోజుల్లో బావే స్వయంగా బండి తీసి పిడుగురాళ్ళ వైపు సున్నపురాయి లోడు ఒకటి కొట్టాడు. తరువాత మా ప్రాంతంలో లారీలున్న వాళ్ళందరూ చేసినట్టే, కోటప్పకొండ తిరునాళ్ళకని బండిని కడిగించి, రిమ్ములకు పసుపు రంగు, టైర్లకు నిగనిగలాడే నల్లరంగు పూయించి, బంతిపూల దండలతో ముస్తాబు చేయించాడు. దేవుడి దగ్గరకు వెళ్ళే బండి మాసిన టైర్లతో వెళ్ళకూడదని మా వాళ్ళ పట్టుదల. నేను తిరిగొచ్చేసరికి తిరునాళ్ళ అయిపోయింది, దండలు వాడిపోయి అద్దం మీద వేలాడుతున్నాయి, బండి మాత్రం షోరూములోంచి వచ్చినట్టు మెరుస్తోంది. రాడ్డుతో కొట్టి చూశాను, అన్నీ ఖంగుమన్నాయి. వంగి చూశాను, అంతా నలుపే. ఆ మెరుపు చూసి మురిసిపోయి సీటెక్కాను.

గుంటూరు పక్కన జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు నింపుకుని అద్దంకి వైపు బయలుదేరాను. క్లీనరు చెల్లెలి పెళ్ళని ఊరెళ్ళాడు కాబట్టి బండిలో ఒక్కణ్ణే. మిట్టమధ్యాహ్నం, తారు మెత్తబడే ఎండ. ఎడమవైపు రోడ్డుకు ఆనుకునే మిరప కళ్ళం, కనుచూపు మేర ఎర్రగా పరిచి ఉంది. ఒక చివర తలగుడ్డలు కట్టుకున్న ఆడకూలీలు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఎడమ ముందు టైరు ఢామ్మని పేలింది. బండి ఎడమవైపుకు కుంగిపోయింది, స్టీరింగు నా చేతుల్లోంచి ఎవరో గుంజుకున్నట్టు ఆ ఆడవాళ్ళ వైపుకే తిరిగింది.

పవరు స్టీరింగు అన్న మాట మేము వినని కాలమది. ముందు టైరు పోయినప్పుడు బ్రేకు తొక్కితే, మీద ఉన్న బరువంతా ఆ కుంటికాలు మీదకే వచ్చిపడి బండి తనకిష్టమైన చోటికి ఈడ్చుకుపోతుందని, బ్రేకు మాట మరిచిపోయి, యాక్సిలరేటరు ఒక్కసారిగా వదలకుండా, స్టీరింగును మాత్రం చచ్చినా వదలకుండా బండి దానంతట అదే అలసిపోయేదాకా తిన్నగా పోనివ్వాలని నాకు డ్రైవింగు నేర్పిన పెద్దాయన చెప్పి ఉన్నాడు. చెప్పడం తేలికే. ఎదురుగా పదిమంది ఆడవాళ్ళు లేచి కేకలు వేస్తుంటే కాలు బ్రేకు మీదకు పోకుండా ఆపుకోవడం ఎంత కష్టమో ఆ క్షణంలో తెలిసింది. ఒంట్లో ఉన్న బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని స్టీరింగును కుడికి పట్టి, దాదాపు దాని మీద పడుకుని బిగించాను. ఎడమ చక్రం కళ్ళం అంచునే కాయల మీదుగా పోయింది. ఆడవాళ్ళు వెనక మిగిలిపోయారు. వేగం తగ్గాక గేర్లు ఒక్కొక్కటే దించుతూ, కళ్ళం దాటించి, పక్కన పత్తి చేను గట్టు మీద బండిని ఆపాను.

ఇలాంటి సమయంలో బండి వదిలి పారిపొమ్మని డ్రైవర్లందరం ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం, ఎందుకంటే జనం ముందు కొట్టి తరువాత అడుగుతారు. నేను పారిపోలేదు. ధైర్యం కాదు, కాళ్ళు రాలేదు. జనం కర్రలతో ఉరికొచ్చారు గానీ, నలిగిన మిరపకాయల ఘాటు అప్పటికే గాలంతా కమ్మి ఉంది. నన్ను తిట్టబోయిన ప్రతివాడూ దగ్గుతూ తుమ్ముతూ మాట పూర్తి చేయలేకపోయాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదని తేలాక వాళ్ళ కోపం అనుమానంగా మారింది. ఒక ముసలమ్మ దూరం నుంచే అరిచింది.

"ఒరేయ్, వాడి నోరు వాసన చూడండ్రా, తాగున్నాడేమో!"

ఒకాయన నా మొహం మీదకు వంగి వాసన చూడబోయి నాలుగు తుమ్ములు తుమ్మాడు.

"ఈ ఘాటుకి ఏం తెలుస్తదే పెద్దమ్మా! తాగినోడిలా లేడులే, కునుకు తీసుంటాడు."

ఆ కునుకు అన్న మాట అక్కడే స్థిరపడిపోయింది. కళ్ళం రైతు నాకు మంచినీళ్ళయితే ఇచ్చాడు గానీ, ఓనరు వస్తే గానీ బండి కదలడానికి వీల్లేదన్నాడు. అటుగా పోయే లారీ డ్రైవరుతో బావకు కబురు పంపి, ఆయన వచ్చేలోగా నేను ఆ టైరు దగ్గర కూర్చున్నాను. చీలిన చోటును వేళ్ళతో విప్పి చూస్తే, చీలికలో సగం అప్పుడే తెగినట్టు తాజాగా ఉంది, మిగతా సగం పాతది. ఆ పాత గాటులో సున్నపురాయి పొడి గట్టిపడి ఉంది, దాని మీద తిరునాళ్ళకు పూసిన నల్లరంగు లోపలిదాకా ఇంకిపోయి ఉంది. రాయి లోడు కొట్టింది బావ. రంగు పూయించింది బావ. గాటు చూసి కూడా పైన నలుపు పూయించి నా చేతికి తాళం ఇచ్చాడా అన్న ఆలోచన వచ్చేసరికి, ఆ మండుటెండలో నాకు ఒళ్ళు చల్లబడింది.

బావ వచ్చి ముందు రైతుతోనూ జనంతోనూ మాట్లాడి, వాళ్ళను సమాధానపరిచి, ఆ తరువాతే నా దగ్గరకు వచ్చాడు. నాకేమైనా తగిలిందా అని భుజాలు తడిమి చూసి, చాలాసేపు టైరు వైపే చూస్తూ నిలబడి, చివరకు రాత్రి ఎక్కడ పడుకున్నావురా అని అడిగాడు. టైరు ఎదురుగా పెట్టుకుని నా పడక సంగతి అడుగుతున్నాడంటే మాట తప్పిస్తున్నాడనుకున్నాను. ఇంట్లోనే అని చెప్పి, రంగు ఎవరు వేశారు బావా అని నేనడిగాను. షెడ్డువాళ్ళు అన్నాడు. ఇద్దరం కలిసి స్టెప్నీ బిగించాం. ఆ తరువాత నాలుగు రోజులకే ఆ పగిలిన టైరును చెప్పులు కుట్టే వాళ్ళకు ఇచ్చేశాడని తెలిసి, సాక్ష్యం మాయమైందనుకున్నాను.

పోట్లాడుకోలేదు మేము, పోట్లాడుకున్నా బాగుండేది. ఆ వేసవి దాటగానే ఏదో సాకు చెప్పి నేను వేరే ఓనరు బండికి మారిపోయాను, బావ ఎందుకని కూడా అడగలేదు. అడగకపోవడమే నాకు రుజువులా కనబడింది. శుభకార్యాల్లో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేవాళ్ళం, వడ్డనలో పక్కపక్క విస్తళ్ళలో కూర్చుని కూడా కూర బాగుందన్న మాట దాటి ముందుకు పోయేవాళ్ళం కాదు. నా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళ పిల్లలూ పెద్దవాళ్ళవుతున్నారు, మా ఇద్దరి మధ్య ఆ టైరు మాత్రం అలాగే ఉండిపోయింది.

పోయిన ఏడాది అక్క కాలం చేసింది. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక బంధువులు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే, షామియానా కింద నేనూ బావా మిగిలాం. ఆయన చేతికర్ర మీద గడ్డం ఆనించి, నా మొహం చూడకుండా అడిగాడు.

"ఏరా, ఇప్పుడన్నా చెప్పు. ఆ రోజు కునుకు తీశావా లేదా? పసిబిడ్డ ఉన్న ఇంటి నుంచొచ్చావు, నిద్ర లేదాయె. నిద్రలో రోడ్డు దిగి రాయికి కొట్టుంటావనే అనుకున్నానురా ఇన్నేళ్ళూ. అడిగితే మీ అక్క బాధపడుద్దని ఊరుకున్నా."

నేను ఆయన్ని అనుమానించినంత కాలమూ ఆయన నన్ను అనుమానిస్తూనే ఉన్నాడు. నిద్రపోయినవాణ్ణి అయితే ఆ ఆడవాళ్ళను తప్పించి బండి ఎలా ఆపుతాను బావా అన్నాను. ఆయన ఆలోచించి, నిజమేరా అన్నట్టు తలాడించాడు. అప్పుడు నేను నా సంగతి బయటపెట్టాను. టైరు మీద గాటు చూసే రంగు వేయించావా అని అడిగేశాను. ఆయన కర్ర పక్కన పెట్టి, మొదటిసారి నన్ను తిన్నగా చూశాడు.

"గాటు సంగతి తెలిస్తే మీ అక్కను ఎక్కిస్తానట్రా? రంగు ఆరీ ఆరకముందే ఆ బండిలోనేగా కొండకు తీసుకెళ్ళింది. ఎడమపక్క ముందు సీట్లోనే కూర్చోబెట్టాను దాన్ని, సరిగ్గా ఆ టైరు మీద."

అక్క తిరునాళ్ళకు వెళ్ళిందని తెలుసు గానీ, ఏ బండిలో వెళ్ళిందో నేను ఏనాడూ అడగలేదు. నా పాడు బుద్ధి అప్పుడైనా ఊరుకుందా, లేదు. ఇది నిజమేనా అని అక్కను ఒక మాట అడుగుదామని కుర్చీలోంచి లేచి, అక్కా అని పిలవబోతూ వంటింటి వైపు రెండడుగులు వేశాను. ఆవిడ పెద్దకర్మ భోజనం చేసి కడుక్కున్న నా చేతి తడి ఇంకా ఆరనే లేదు. అక్కడే నిలబడిపోయి ఏడ్చాను. బావ వచ్చి నా వీపు మీద చెయ్యి వేశాడు.

ఇప్పటి లారీలకు ముందొక కెమెరా, లోపలొక కెమెరా ఉంటున్నాయట. డ్రైవరు రెప్ప వాల్చినా ఓనరు ఇంట్లో కూర్చుని చూస్తాడట. ఇక ఒకరినొకరు అనుమానించే పనీ లేదు, అడగలేక కుమిలిపోయే పనీ లేదు. మంచిదే, వాళ్ళన్నా సుఖపడనీ. మా కాలంలో మనిషిని మనిషే అడగాల్సి వచ్చేది, మేమిద్దరం అది చేతగాని వాళ్ళం. ఇన్నేళ్ళూ అక్క మా ఇంటికి ఎప్పుడొచ్చినా బస్సులో ఒక్కతే వచ్చేది, నేను అడగకముందే, మీ బావకు లోడింగు పనుందిరా అని తనే చెప్పుకునేది. ఇప్పుడు నెలకోసారి బావ వస్తున్నాడు. అరుగు మీద కూర్చుని ఇద్దరం పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పుకుంటున్నాం, మా మధ్య దాపరికం ఏమీ మిగల్లేదు. బస్సు దిగి ఆయన ఒక్కడే నడిచి వస్తుంటే మాత్రం చూడలేక లోపలికి వెళ్ళిపోతున్నాను.