ఓబులమ్మ రక్తపరీక్ష

1958 వేసవి. నంద్యాలలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరి అప్పటికి ఏడాది దాటింది. బందరు నుంచి వచ్చినదాన్ని, ఊళ్లో నావాళ్లంటూ ఎవరూ లేరు. డ్యూటీ అయ్యాక కూడా గదికి వెళ్లబుద్ధి కాక వార్డులోనే తిరుగుతుండేదాన్ని.

ఆళ్లగడ్డ నుంచి ఓబులమ్మను ఆమె అన్న బస్సులో తీసుకొచ్చాడు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. మొహం ఉబ్బి, చర్మం గరుకుబారి ఉంది. ఎండకు మేమంతా చెమటతో తడిసిపోతుంటే ఆమె గొంగడి కప్పుకుని కూర్చుంది.

"పని చెయ్యదు, పలకదు సార్. పొద్దంతా నిద్రే. ఇంగ నాతో కాదని మా బావ ఈమెను మా ఇంట్లో దించిపోయినాడు" అన్నాడు అన్న.

మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి మందగించిందని డాక్టరుగారికి అనుమానం వచ్చింది. ఆ గ్రంథి తయారుచేసే హార్మోనును నేరుగా కొలిచే వీలు మాకు అప్పట్లో లేదు. హార్మోనులో అయొడిన్ ఉంటుంది కాబట్టి, రక్తంలోని ప్రోటీన్లకు అంటుకున్న అయొడిన్ ఎంతో చూసి అంచనా కట్టేవారు. దాన్ని ప్రోటీన్ బౌండ్ అయొడిన్ పరీక్ష అనేవాళ్లం. రక్తం మద్రాసు పంపించాం.

అంతా మామూలుగా ఉందని రిపోర్టు వచ్చింది.

"రక్తంలో ఏం లేదంట గదా!" అని అన్న మండిపడ్డాడు. "ఒళ్లు వంచలేకనే ఈ నాటకమంతా. మా బావ అనేది నిజమే." ఓబులమ్మ అంతా విని మెల్లగా గోడవైపు తిరిగి పడుకుంది.

డాక్టరుగారు రిపోర్టునూ ఆమెనూ మార్చి మార్చి చూశారు. "కాగితం ఒకటి చెబుతోంది, మనిషి ఇంకొకటి చెబుతోంది. ఇదివరకు మందులేమైనా వాడిందా?" అని అడిగారు. ఏమీ లేదన్నాడు అన్న.

సాయంత్రం ఆమె మంచం పక్కన కూర్చుని నేను అదే ప్రశ్న అడిగాను. నాకు వెళ్లాల్సిన చోటేమీ లేదు, కూర్చునే ఉన్నాను. చాలాసేపటికి పెదవులు కదిలాయి.

"గొంతు బొంగురు పోయిందని... సీసా మందు ఇచ్చినారు. ఇప్పటికీ తాగుతాండా."

"మరి మీ అన్న ఏమీ లేదన్నాడే?"

"ఆయప్పకు తెలీదు. నన్నెవురూ అడగరు. అడిగినా... నేను చెప్పేలోపల లేసిపోతారు నర్సమ్మా."

మూటలోంచి ఆమె తీసిచ్చిన సీసాను డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్లాను. అది అయొడైడ్, అంటే అయొడిన్ ఉండే లవణం, కలిపిన మందు. ఆ అయొడిన్ కూడా లెక్కలో కలిసి, తక్కువగా రావలసిన ఫలితం మామూలుగా వచ్చిందని ఆయన వివరించారు. మందు మానిపించి, కొన్ని వారాలు ఆగి మళ్లీ పరీక్ష చెయ్యాలన్నారు.

అన్న ఊరికి వెళ్లిపోయాడు. ఆమె కోసం ఎవరూ రాలేదు. రాలిపోతున్న ఆమె జుట్టు నేనే దువ్వేదాన్ని. ఇద్దరం పెద్దగా మాట్లాడుకున్నది లేదు. అయినా ఆ వారాల్లో సాయంత్రాలు నాకు భారమనిపించలేదు.

రెండోసారి ఫలితం బాగా తక్కువ వచ్చింది. గుండె మీద భారం పడకుండా, థైరాయిడ్ మాత్రలు చాలా కొద్ది మోతాదుతో మొదలుపెట్టారు. మెల్లమెల్లగా మొహం వాపు తీసింది. ఒక పొద్దున గొంగడి మడిచి పక్కన పెట్టి, "ఏందమ్మా ఈ ఉక్క!" అంది. నేను నవ్వాను, ఆమె కూడా నవ్వింది. ఆ గొంతు అంత సన్నగా ఉంటుందని అనుకోలేదు.

నయమైందని తెలిసి భర్త వచ్చి తీసుకుపోయాడు. కొన్ని నెలలకు మాత్రల కోసం ఒక్కతే వచ్చింది. ఇంట్లో ఎలా ఉందని అడిగాను.

"బాగనే చూస్తాండారు. నీళ్లు తెమ్మంటారు, అన్నం పెట్టమంటారు. నేనే ఏదన్నా మాట కదిలిస్తే బిత్తరపోతారు. నాకు మాటొచ్చింది గానీ, నాతో మాట్లాడే అలవాటు వాళ్లకు పోయింది నర్సమ్మా."

దానికి మా దగ్గర మందు లేదు. బస్సు వచ్చేదాకా ఇద్దరం వరండాలో కూర్చున్నాం. ఆమే మాట్లాడింది, నేను విన్నాను.

ఆ తర్వాత ఎంతోమంది రక్తపరీక్షల కోసం నా దగ్గరికి వచ్చారు. సూది చేతిలోకి తీసుకునే ముందు ప్రతి ఒక్కరినీ రెండు మాటలు అడిగేదాన్ని: ఏం మందులు వాడుతున్నారు, ఇంట్లో ఎవరితో మాట్లాడుతుంటారు. మొదటిది డాక్టరుగారి దగ్గర నేర్చుకున్నాను. రెండోది ఓబులమ్మ నేర్పింది.