తడిపిన అచ్చు

మైనం కరిగేటప్పుడు ముందు గిన్నె అంచున అద్దంలా మారుతుంది. మధ్యలో తెల్లటి గడ్డ ఒకటి మిగిలి, తేలుతూ, తిరుగుతూ, చిన్నదవుతూ ఉంటుంది. ఆ గడ్డ ఏ క్షణంలో లేకుండా పోతుందో ఎన్నిసార్లు చూసినా పట్టుకోలేకపోయాను. ఇప్పుడే ఉంది కదా అనుకుంటాను, అంతలో గిన్నెలో నా ముఖం కనిపిస్తుంది.

మా అనకాపల్లి ఇంట్లో, వెనక వసారాలో కుళాయి పక్కన నాలుగడుగుల మూల ఒకటి నాది. చిన్న గ్యాసు పొయ్యి, రెండు గిన్నెలు, ఒక చెక్క పీట. అక్కడ కూర్చుంటే మధ్యాహ్నం ఎప్పుడు వెళ్లి సాయంత్రం ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఆ మూల పోతుందన్న భయంతో ఒక ఏడాది గడిపాను. ఆ భయం ఎవరు పెట్టారో, ఏ మాటతో పెట్టారో, ఆ రోజు ఆవిడ ఏ రంగు చీర కట్టుకుందో కూడా నాకు గుర్తుంది. వంకాయ రంగు.

ఆవిడ మా ఆయన అక్క, నాకు వదిన. రెండు వీధుల అవతల ఉంటుంది. నేను మొదటిసారి కొవ్వొత్తులు పోసిన రోజు, పనేమీ లేకపోయినా వచ్చి పీట మీద కూర్చుంది. పీట నాది. నేను నిలబడే ఉన్నాను.

మేమిద్దరం బెల్లం వండే ఇళ్లలో పుట్టినవాళ్లం. మా పుట్టిల్లు మాడుగుల వైపు, వాళ్లది మాకవరపాలెం దగ్గర. పాకం దించాక అచ్చుల్లో పోసే ముందు అచ్చును నీళ్లలో ముంచి తీయాలని మాకు ఎవరూ నేర్పలేదు. నడక ఎలా వచ్చిందో అలాగే వచ్చింది. తడి ఉంటేనే దిమ్మ విడుస్తుంది. పొడి అచ్చులో పోస్తే బెల్లాన్ని సుత్తితో కొట్టాల్సిందే.

కరిగిన మైనం పట్టుకుని నేను అచ్చు మీదికి వంగగానే వదిన అంది:

"అచ్చు తడిపేవేటే? తడపకపోతే ఊడి సావదు."

తడిపాను. ఆవిడ చెప్పకపోయినా తడిపేదాన్నేనేమో. కానీ చెప్పింది ఆవిడ.

కొవ్వొత్తులు చక్కగానే ఊడి వచ్చాయి, గులాబీ పువ్వుల్లా. ఒంటి మీద మాత్రం సన్నటి గుంటలు పడ్డాయి. అదీ అందమే అనుకున్నాను. వదిన రెండు పట్టుకెళ్లింది. ఆ వారమే ఈదురుగాలి వచ్చి కరెంటు పోయింది. పక్కింటి వాళ్లు నలుగురూ వాళ్ల వరండాలో చేరి ఉండగా ఆవిడ నా కొవ్వొత్తి వెలిగించింది. అది చిటచిటలాడి, నీళ్లు చిమ్మి, ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ అంతే. మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చింది, ఆ వంకాయ రంగు చీరతో.

"నీ కొవ్వొత్తి రేతిరంతా ఏడిసింది పిల్లా. కొట్లోదైతే అయిదు రూపాయలు, నోరు మూసుకుని ఎలుగుద్ది. నీదానికి ఎంతయ్యిందేటి?"

అబద్ధం చెప్పడం నాకు రాదు. "ఇరవై రెండు" అన్నాను.

"ఇరవై రెండు రూపాయల ఏడుపు" అంది.

మా ఆయన నవ్వారు. ఆయన నవ్వింది కూడా నాకు గుర్తుంది. ఆ తర్వాత మా రెండిళ్లలో ఎవరు ఏ పనికిమాలిన వస్తువు కొన్నా అదే సామెత అయింది. అచ్చు తడపమన్న సంగతి నేను ఎత్తితే, "నానెప్పుడన్నాను?" అంటుంది. అచ్చు తడిపిన రోజు మా ఇంట్లో మూడో మనిషి లేడు. సాక్ష్యం లేదు.

వదిన గుమ్మంలోకి వచ్చి ఏడుపన్న రోజు రాత్రే, అన్నం తింటూ మా ఆయన మెల్లగా చెప్పారు. బట్టలుతికే మిషను కొనాలని చాలాకాలంగా అనుకుంటున్నారు. కుళాయి ఉన్నది ఆ మూలలోనే. "కొట్లో ధర అయిదు కదా. నువ్వూ అయిదు రూపాయల్లోపు ఒక కొవ్వొత్తి చెయ్యి. వచ్చే దసరాకి చేశావా, ఆ మూల నీదే, ఇంక మిషను మాట ఎత్తను. లేకపోతే గిన్నెలు అటక మీద పెట్టుకో."

సరే అన్నాను. నోటు పుస్తకం ఒకటి తీసి ఖర్చు రాయడం మొదలుపెట్టాను.

ఇరవై రెండు ఎందుకయిందో మొదటి పేజీలోనే తెలిసింది. మైనం, గులాబీ అచ్చు, సువాసన సీసా అన్నీ ఫోనులో చూసి తెప్పించాను. ఇంటికి తెచ్చినందుకు కూలీ, అందమైన డబ్బాకి ధర, అన్నీ కలిసి నా కొవ్వొత్తి నెత్తిన కూర్చున్నాయి. వెలిగేది మైనం, డబ్బులు మాత్రం డబ్బాకి.

అప్పుడు విశాఖ వెళ్లాను. పూర్ణా మార్కెట్ సందుల్లో మైనాన్ని పలకలుగా అమ్ముతారని విన్నాను. బస్సు కిటికీ పక్కన కూర్చుంటే, చెరకు తోటలు వానకు తడిసి ఒకదాని మీద ఒకటి వాలి నిద్రపోతున్నట్టు ఉన్నాయి. తెల్లటి పలకలు ఊహించుకుంటూ వెళ్లాను. దుకాణంలో మనిషి నన్ను చూసి, "ఎన్ని బస్తాలమ్మా?" అన్నాడు. అయిదు కిలోలన్నాను. నా వెనక వచ్చిన ముగ్గురికి బస్తాలు వేయించి, టీ తాగి, అప్పుడు అట్టపెట్టెతో సహా తూచాడు. పెట్టె తీసి తూచమన్నాను. "ఇంటికి వెళ్లి తీసుకోండి" అన్నాడు. తీసి తూచేదాకా కదల్లేదు. పెట్టె నూట అరవై గ్రాములు ఉంది. పుస్తకంలో ఆ అంకె పక్కన గీత గీసి పెట్టుకున్నాను.

పలకల మైనంతో ధర పదమూడుకు దిగింది. బస్సు చార్జీ కూడా అందులో వేశాను. మా ఆయన వేయొద్దన్నారు, "ఎలాగూ ఊరు చూసొచ్చావు కదా" అని. నేను ఊరు చూడలేదు, అట్టపెట్టెను చూశాను.

గులాబీ అచ్చు పక్కన పెట్టి, కుళాయి వాళ్లు వదిలేసి వెళ్లిన ప్లాస్టిక్ గొట్టం ముక్కను నిలువునా చీల్చి, రబ్బరు బ్యాండ్లతో బిగించాను. లోపల కొబ్బరినూనె చుక్క రాస్తే మైనం దానంతటదే విడిచింది. తడి అసలు తగలకూడదట, తగిలితే వెలిగేటప్పుడు చిమ్ముతుందట, నూనె చాలట. ఆ సంగతి తెలిసిన రోజు చాలాసేపు గొట్టం పట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఇద్దరం బెల్లాన్నే నమ్మాం, మైనాన్ని అడగలేదు. కానీ సామెత నా ఒక్కదానికే వచ్చింది.

వత్తి కూడా కొనడం మానేశాను. నూలు దారం మూడు పేటలు జడలా అల్లి, ఉప్పూ, క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పొడీ కలిపిన నీళ్లలో నానబెట్టి, దండెం మీద ఎండబెట్టాను. గాలికి ఆ సన్నటి జడలు ఊగుతుంటే, బొమ్మల పెళ్లికి తయారైన ఆడపిల్లలు వరసగా నిలబడ్డట్టు ఉండేది.

సువాసన ఒక్కటి వదలలేకపోయాను. బజారులో అత్తర్లు, అగరొత్తులు అమ్మే సాయిబుగారి దగ్గరికి వెళ్లి, కొవ్వొత్తిలోకి చౌకగా ఒక వాసన ఇమ్మన్నాను. పెద్దాయన సీసా తీసినట్టే తీసి మళ్లీ అలమరలో పెట్టేశారు.

"ఒంటికి రాసుకునేది మంటకెందుకమ్మా? నేనివ్వను."

"డబ్బులిస్తాను కదండీ."

"ఇత్తారు. కరెంటు పోయి, దోమలు కుడతా ఉంటే గులాబీ వాసన ఎవుడికి కావాలి సెప్పండి? ఎలుగు కావాలా, వాసన కావాలా? రెండూ అంటే ఖర్సూ రెండే."

కొనడానికి వచ్చిన మనిషిని ఖాళీ చేతులతో పంపిన దుకాణదారు నేను చూసినవాళ్లలో ఆయనొక్కరే. కోపంతో బెల్లం మార్కెట్ దాకా నడిచాను. అక్కడ దిమ్మల వాసన గాలిలో గట్టిగా ఉంది. అది ఎవరూ సీసాలో పోయనిది, ఎవరూ డబ్బు అడగనిది. ఇంటికొచ్చి సువాసన ఖర్చు కొట్టేశాను. ధర ఏడుకు వచ్చింది.

ఏడు దగ్గర ఆగిపోయింది. ఆపైన ఏం చేసినా దిగలేదు. ఒక్క మైనానికే అయిదు రూపాయలు దాటుతోంది. వానలు తగ్గాయి, దసరా నెల రోజుల్లోకి వచ్చింది. ఒక సాయంత్రం మా ఆయన టేపు తీసి మూల కొలిచారు. నాకేసి చూడకుండా, "రెండడుగులు చాలు" అన్నారు, గోడతో చెప్పినట్టు. టేపు పొయ్యి పక్కనే వదిలేసి వెళ్లారు.

ఆ మరుసటి రోజే వదిన ఒక సంచీ తెచ్చి పీట పక్కన దించింది.

"పారేద్దావనుకున్నాను. నీకేటైనా పనికొత్తాదేమో సూడు."

విప్పి చూస్తే నిండా కొవ్వొత్తి ముక్కలు. గాలివానలకీ, తుఫాన్లకీ, ఏళ్ల తరబడి ఆ ఇంట్లో వెలిగి ఆరినవన్నీ. సాసర్ల మీంచి గీకిన మైనం పొరలు, కిటికీ గట్టు ఆకారంలోనే గడ్డకట్టిన చుక్కలు. అన్నిటికీ అడుగున, కొస మాత్రమే నల్లబడిన నా గులాబీ.

"ఇది ఎందుకు దాచేవు వదినా?"

"దాసేనేటి? పడుంది."

దాచిందో, పడుందో, నన్ను ఎప్పుడైనా ఎత్తిపొడవడానికి ఉంచుకుందో ఈరోజుకీ నాకు తెలియదు.

"మైనం ఉత్తినే వచ్చింది కదా, సున్నా వేసుకో" అన్నారు మా ఆయన. నేను సంచీని తూచి బజారు ధర వేశాను. ఆవిడ దగ్గర ఉత్తినే తీసుకుంటే దాని ఖరీదు ఎంతవుతుందో నాకు తెలుసు. అది ఏ పుస్తకంలోనూ పట్టదు. ధర మళ్లీ ఏడు.

"నీ అంత మొండిదాన్ని నేనింకా చూడలేదు" అన్నారు.

"మీ అక్కని చూడలేదా?" అన్నాను.

ఆ మధ్యాహ్నం పొయ్యి వెలిగించలేదు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాను. నిద్రో కాదో తెలియని చోట మా నాన్న బండి వచ్చింది. మాకు సొంత గానుగ ఉండేది కాదు. చెరకు బండికెత్తి ఇంకొకరి గానుగకు తోలేవాళ్లం. వెచ్చటి పిప్పి గుట్ట మీద వెల్లకిలా పడుకుని, పెనంలో నురగ పొంగి అణగడం వింటూ ఉండేదాన్ని. ఆవిరి ఆకాశంలోకి పోయేదో, ఆకాశమే ఆవిరై దిగేదో తెలిసేది కాదు. తెల్లారేసరికి దిమ్మలు వరసగా ఉండేవి. గానుగవాడు తన వంతు దిమ్మలు తీసుకునేవాడు, మిగిలినవి మా బండెక్కేవి. ఎవరూ ఎవరికీ డబ్బు ఇవ్వలేదు. ఎవరూ ఉత్తినే ఇచ్చామనలేదు.

కళ్లు తెరిచి, చెప్పులు వేసుకుని రెండు వీధులు నడిచాను. వదిన చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"వదినా, నీ మైనం నాకు ఉత్తినే వద్దు. గానుగ లెక్క వేద్దాం. సరుకు నీది, వంట నాది. వచ్చిన కొవ్వొత్తులు సగం నీకు, సగం నాకు."

చిక్కుడుకాయ చేతిలోనే ఆగింది.

"సగవా? ఏ గానుగోడు సగం తీసుకున్నాడే? మా అయ్య నాలుగో వంతు ఇచ్చీవోడు."

"మీ అయ్య పొయ్యిలోకి పుల్లలు కూడా తనే తోలేవాడు. ఇక్కడ గ్యాసు నాది, వత్తి నాది."

"అయితే మూడో వంతు."

"అయిదింట్లో మూడు నీకు, రెండు నాకు. ఇష్టం లేకపోతే నీ సంచీ తెచ్చి ఇచ్చేస్తాను."

"సంచీ మోసుకొత్తావేటి ఇప్పుడు, కూకో" అంది. "అయిదింట్లో రెండు. మళ్లీ ఏడిసే సరుకు ఇచ్చేవంటే మూడోదీ నాదే."

తిరిగి వచ్చి పుస్తకం తీశాను. అయిదు కొవ్వొత్తులకు వత్తి, గ్యాసు, గట్టిదనానికి కలిపే పొడి, నూనె అన్నీ కలిపి ఎనిమిది రూపాయలు. నా వంతుకు రెండు. ఒక్కోటి నాలుగు. మూడుసార్లు వేసి చూశాను. బస్సు చార్జీ వేయడానికి బస్సే లేదు.

మర్నాడు వదిన పిలవకుండానే వచ్చింది, తన సరుకు తను చూసుకోవాలట. ఈసారి పీట మీద నేను ముందే కూర్చున్నాను. ఆవిడకు కుర్చీ వేయించాను. ముక్కలు కరిగించి, పాత పంచె గుడ్డలో వడగడితే మసీ, కాలిన వత్తులూ పైన మిగిలి, కింద లేత తేనె రంగు దిగింది. అన్నేళ్ల చీకటి సాయంత్రాలు ఒకే గిన్నెలో చేరి కదలకుండా ఉన్నాయి. ఇద్దరం చూస్తూ ఉండిపోయాం. ఆఖరి గడ్డ ఎప్పుడు కరిగిందో ఆవిడా చూడలేదు.

గొట్టం అచ్చు కడిగి గట్టు మీద పెట్టాను. పక్కనే చెంబులో నీళ్లున్నాయి. నేను కావాలనే ఆలస్యం చేశాను. తడపమంటుందేమో, ఈసారి మా ఆయన కూడా గుమ్మంలోనే ఉన్నారు, వింటారు అనుకున్నాను.

వదిన అచ్చు చేతిలోకి తీసుకుంది. వెలుతురుకేసి పట్టి ఒక కన్నుతో లోపలికి చూసింది. కొంగు చివర వేలికి చుట్టి, అచ్చులోకి దూర్చి, మెల్లగా తిప్పి తిప్పి తుడిచింది. ఎక్కడో ఒక చుక్క మిగిలిందేమో, మళ్లీ తుడిచింది. పొడిగా ఉన్న అచ్చు నా చేతిలో పెట్టింది.

"పొయ్యవే. సల్లారిపోతాది" అంది, అంతే.

పోశాను. నూనె పూయడం మరచిపోయేదాన్నే, చివరి నిమిషంలో గుర్తొచ్చింది.

సాయంత్రానికి ఒకదాని తర్వాత ఒకటిగా అయిదు కొవ్వొత్తులు ఊడి వచ్చాయి. కరెంటు ఉంది. మా ఆయనే లేచి లైట్లు ఆపారు. కొవ్వొత్తి వెలిగించాం. మంట ముందు చిన్నగా వణికి, తర్వాత నిటారుగా నిలబడింది. ముగ్గురం ఎంతసేపు చూశామో తెలియదు. ఏమీ చిమ్మలేదు, ఏ చప్పుడూ లేదు. ఆ వెలుతురులోనే ఆయన పుస్తకం తిప్పి, నాలుగు అన్న అంకె దగ్గర వేలు పెట్టి, గానుగ లెక్క పైనుంచి కింది దాకా చదివారు. లేచి టేపు తీసుకెళ్లి సొరుగులో పెట్టేశారు. వదిన తన మూడు కొవ్వొత్తులూ లెక్కపెట్టుకుని కొంగులో మూటకట్టుకుంది.

అచ్చు తడపమన్న మాట ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. నేనూ మానలేదు, నెలకోసారి అడుగుతూనే ఉన్నాను. సంచీలో వచ్చిన ముక్కలన్నీ ఇప్పటికి కరిగి, వెలిగి, అయిపోయాయి. ఆ గులాబీ ఒక్కదాన్ని కరగనివ్వలేదు. నా మూలలో, కుళాయి పైన గట్టు మీద ఉంది. పుస్తకంలో దాని ధర ఇరవై రెండు అనే ఉంచాను.