కోయకుండా వదిలిన పూలు

సెప్టెంబరు చివరి శనివారం. ఆ పొద్దున మొదటి వింత, సూరత్‌ గోడాదరాలోని మా ఇంటి గుమ్మం ముందు ముకాదం నిలబడి ఉండటం. పల్సానా రోడ్డు పక్కన గడ్డి కోయించే మేస్త్రీ ఆయన. తెలుగు రాదు. మా గల్లీకి ఎన్నడూ వచ్చినవాడు కాదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని మెల్లగా అన్నాడు: "టీచర్‌బేన్ నహీ రహీ, బేటీ."

మా టీచరమ్మ నిద్రలోనే పోయారట. రోజూ పనికి వెళ్తూ ఆ రోడ్డు మీది ఆమె ఇంటి ముందు ఆగి చాయ్ తాగడం ఆయన అలవాటు. ఆ పొద్దున తలుపు తీసింది ఆమె చెల్లెలు. ఈ మాట ఫోన్లో చెప్పబుద్ధి కాక అంత దూరం బండి మీద వచ్చాడు. ఒకప్పుడు నడిరోడ్డు మీద మా టీచరమ్మతో గొంతు చించుకుని పోట్లాడిన మనిషి, మా అమ్మ ఇచ్చిన నీళ్ల గ్లాసు పట్టుకుని తాగలేక నిలబడ్డాడు.

ఆ పోట్లాట ఎలా గెలుపుగా మారిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఏడుపు రాతలంటే ఆమెకు గిట్టదు.

మా గల్లీలో అన్నీ మగ్గాల మీద పనిచేసే ఇళ్లే. పిల్లలం చాలామందిమి తెలుగు బడిలో చదివాం. ఆమె అక్కడ సైన్సు చెప్పేవారు. మా అమ్మకూ చెప్పారు, నాకూ చెప్పారు. మాలాగే సిరిసిల్ల వైపు నుంచి మగ్గం వెంట సూరత్ వచ్చిన కుటుంబం ఆమెది. పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలోని తెలుగు, తిట్టేటప్పుడు ఊళ్లోని తెలుగు.

ఆమె ఎక్కడికి నడిచినా చూపు రోడ్డు అంచు మీదే ఉండేది. చేతిలో ఎప్పుడూ గొడుగు. అది ఎండకు కాదు. దాని వంకీతో ముళ్ల కొమ్మను పక్కకు లాగి లోపల ఏం మొలిచిందో చూడటానికి. మండే ఎండలో గొడుగు మూసి పట్టుకుని పోయే ఆమెను చూసి కొత్తవాళ్లు నవ్వేవారు. బస్సులో కిటికీ పక్క సీటు కోసం చిన్నపిల్లలతో కూడా బేరమాడేవారు.

తరగతిలోకి ఏదో ఒక ఆకు తెచ్చి మా చేతుల్లో పెట్టేవారు.

"ఎట్లున్నది?"

"బాగున్నది టీచర్."

"బాగున్నదంటే అది నీ సంగతి. ఆకు సంగతి చెప్పు."

అప్పుడు మాటలు వెతుక్కోవాల్సి వచ్చేది. ఈనె, నూగు, తొడిమ, కణుపు. తీగ దేన్నైనా పట్టుకోవడానికి చాచే సన్నని చుట్టను నులితీగ అంటారని తెలిసిన రోజు, ఆ మాటను ఇంటికి వెళ్లేదాకా నోట్లో చప్పరిస్తూ పోయాను. ఒక్కో మాట దొరికినప్పుడల్లా అప్పటిదాకా గడ్డి అనుకున్నదాంట్లోంచి ఒక్కో మొక్క బయటికి వచ్చి నిలబడేది. "పేరు తెలిసిన మొక్కను తొక్కబుద్ధి గాదు బిడ్డా" అనేవారు ఆమె. నిజమే. ఇప్పుడు నాకు నడవడానికి చాలా ఆలస్యమవుతోంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పల్సానాలో ఒక పెళ్లికి గల్లీ అంతా టెంపోలో బయల్దేరాం. దారిలో ఒకచోట ఆమె ఉన్నట్టుండి "ఆపు, ఆపు!" అని అరిచారు. ఎవరో కింద పడ్డారనుకుని డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. ఆమె పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దిగి, రోడ్డు పక్క ముళ్ల కంచె ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు.

"ఆడ లగ్గమయితున్నది, నువ్వేమో ముండ్లకు తలంబ్రాలు పోస్తున్నవా టీచరమ్మా?" అని మా ఎదురింటి లచ్చవ్వ పెద్దమ్మ టెంపోలోంచి కేకేసింది.

"లగ్గం వీడియోల జూడొచ్చు. ఇది మళ్ల దొర్కదు. దిగు!"

పెద్దమ్మ దిగలేదు, పిల్లలం దిగాం. కంచె మీదికి ఒక తీగ ఎగబాకి ఉంది. ఆకు కొస సన్నగా సాగి, నులితీగలా చుట్టుకుని పక్క కొమ్మను పట్టుకుంది. పువ్వు తల కిందికి వాల్చింది కానీ రేకులు మాత్రం పైకి లేచి నిలబడ్డాయి. మొదట్లో పసుపు, కొసన ఎరుపు, అంచులు అలల్లా. ఆమె పువ్వును ముట్టకుండా వేలితో చూపించారు. దాని నడుమ కాడ మొదట్లోనే పక్కకు మడిచినట్టు వంగి ఉంది. "ఇంక అనుమానం లేదు. ఇది నాభి" అన్నారు.

ఒకప్పుడు కంచెల మీద మామూలుగా కనబడేదట. మందుల కోసం దుంపలు తవ్వుకుపోయారు. కంచెలు పోయి గోడలు వచ్చాయి. ఆ దారిలో ఎన్నో ఏళ్లుగా వెతికినా ఆ రోజుదాకా ఆమెకు ఒక్కటీ దొరకలేదు. మొక్కంతా విషమే, దుంప మరీ విషం, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలని మాకు చెప్పారు. ఆ రోజు పెళ్లిభోజనాల్లో ఆమె చీర నిండా పల్లేరు కాయలు.

ఆ ఆనందం ఎక్కువ రోజులు నిలవలేదు. నవరాత్రులు వస్తున్నాయంటే రోడ్ల అంచులు నున్నగా కోస్తారు. ముకాదం మనుషులు మిషిన్లతో దిగిన పొద్దున టీచరమ్మ కంచెకు అడ్డంగా నిలబడ్డారు. గొడవంతా హిందీలో.

"ఇది కంకాసణి, బెహన్‌జీ. ఇంట్లో పెడితే కంకాస్, కొట్లాట అన్నమాట. చూడండి, రోడ్డు మీద ఉన్నా కొట్లాటే!"

"కొట్లాట పెట్టింది మొక్క కాదు, నీ మిషిన్!"

చాలాసేపు అరుచుకున్నాక ఆయనే దిగివచ్చాడు. అష్టమికి తమ సాహెబ్ చూడటానికి వస్తాడు, ఆలోపు అంచు శుభ్రంగా ఉండాలి. ఏవి వదలాలో గుర్తు పెడితే వాటిని వదిలి మిగతాది కోయిస్తానన్నాడు.

చీరల అంచులు కత్తిరించగా మిగిలే పేలికలను ఇక్కడ చిందీ అంటారు. మా ఇళ్లలో దానికేం కొదవ? టీచరమ్మతో పిల్లలం ఎర్ర చిందీ తీసుకెళ్లి ప్రతి నాభి తీగ పక్కనా కట్టి, గెలిచినట్టే తిరిగొచ్చాం.

మా అందరికీ తెలిసిన సంగతే ఒకటి ఆ రోజు ఎవరికీ తట్టలేదు. బతుకమ్మకు గునుగు పూలు మేం రోడ్ల పక్కన, పొలాల గట్లన వెతికి కోసుకుంటాం. పండక్కి ముందే మంచి చోటు చూసుకున్న గల్లీవాళ్లు అక్కడ తమ గల్లీ రంగు చిందీ కట్టి వస్తారు, మాది ఎరుపు. ఇక్కడి పూలు మావి అని దాని అర్థం. వేరే గల్లీవాళ్లు ముట్టరు. సొంత గల్లీవాళ్లు సంబరంగా కోసుకుంటారు.

బతుకమ్మ మొదటి రోజు పొద్దున లచ్చవ్వ పెద్దమ్మ టీచరమ్మ ముందు గంప దించింది. "మన గల్లీ చిందీ జూసి ఆగిన టీచరమ్మా! గిసొంటి పూలు మన బతుకమ్మకు ఎన్నడన్న పెట్టినమా?"

గంప నిండా నాభి పూలు.

టీచరమ్మ గంపను దూరంగా జరిపారు. తర్వాత, "ముందు చేతులు కడుక్కో లచ్చవ్వా" అన్నారు. సంగతి తెలిసి పెద్దమ్మ ముఖం మాడిపోతే, "తప్పు నీది గాదు. మన గుర్తు మనమే కట్టి, మనోళ్లు కోసిన్రంటే ఎవల్ననాలె? నా బుద్ధి గడ్డి మేసింది" అన్నారు. గుజరాతీవాళ్ల నమ్మకం గుర్తొచ్చి, ఈ పూలు ఇంట్లో ఉంటే లొల్లి అవుతుందంటారని కూడా చెప్పారు.

"అయితే మా ఇంట్ల ఏండ్ల సంది ఉన్నట్టే గవి!" అంది పెద్దమ్మ. అంత బాధలోనూ ఇద్దరూ నవ్వారు.

కంచె లోపల, చెయ్యి చొరని ముళ్ల మధ్య కొన్ని మొగ్గలు మాత్రం మిగిలాయి. అవి పూచి, కాయ పగిలి, గింజ రాలాలి. లేకపోతే దుంపలు తవ్వేవాడు ఒక్కడు వచ్చిన రోజున ఆ దారిలో నాభి అన్నదే ఉండదు. అష్టమి దగ్గర పడుతోంది. చిందీని ఇక నమ్మలేం.

ఒక సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మ ఆడి అలసి కూర్చున్నప్పుడు టీచరమ్మ అడిగారు: "సద్దుల బతుకమ్మకు కుప్పల కొద్ది గునుగు గావాలె గదా? ఆ కంచె పొంటి కోస్తరా?"

"మొన్న కోయద్దంటివి, ఇయ్యాల కోయమంటున్నవ్. జర నిద్రగిట్ల పోతున్నవా లేదా?" అంది పెద్దమ్మ.

"గునుగు కోయి, గడ్డి కోయి, అంచు మొత్తం నున్నగ కోయి. నాభిని ఇడిశిపెట్టు. మిషిన్‌కు కండ్లుంటయా? నీకున్నయ్."

సప్తమి పొద్దున కొడవళ్లతో టెంపో నిండా వెళ్లాం. ముందు చిందీ పేలికలన్నీ విప్పించారు. తర్వాత ఒక్కొక్కరికీ నాభి ఆకు చూపించి, ఎలా గుర్తుపడతారో వాళ్ల మాటల్లో చెబితేనే కొడవలి పట్టనిచ్చారు. "కొస ముడుచుకున్నది. అలిగినప్పుడు మా కోడలు మూతి లెక్క" అంది లచ్చవ్వ పెద్దమ్మ. కోడలు పక్కనే ఉంది. "నేర్పింది అత్తనే గదా" అంది. పెద్దమ్మ ఆ కంచె పొడుగునా ఒక్క నాభి ఆకుకు కూడా కొడవలి తగలనివ్వలేదు.

ముకాదం మిషిన్లతో వచ్చేసరికి అంచంతా దువ్వినట్టు ఉంది. గునుగు మోపులు వెండి కుప్పల్లా టెంపో ఎక్కుతున్నాయి. కంచె మీద నాభి తీగలు మాత్రం నిలిచి ఉన్నాయి. ఆయన ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "మరి నాకేం మిగిల్చారు?"

"చాయ్ మిగిలింది, రా" అన్నారు టీచరమ్మ. ఫ్లాస్కులోంచి పోసిన ఆ చాయ్‌తోనే వాళ్ల స్నేహం మొదలైంది. ఆయన ఫోటో తీసి పంపితే, ఇంత శుభ్రంగా ఎవరు కోశారని సాహెబ్ అడిగాడట.

ఆ మొగ్గలు పూచాయి. కాయలు పగిలి ఎర్రటి గింజలు రాలాయి. మరుసటి వానలకు కంచె మొదట్లో సన్నని మొలకలు లేచాయి. ఏటా సప్తమికి మేం గునుగు కోయడం, ఏటా నాభి కాస్త ముందుకు జరగడం. వేరే గల్లీల ఆడవాళ్లు కూడా వచ్చి కలిశారు. దుంపల కోసం గునపంతో వచ్చిన ఒకణ్ణి ముకాదమే తరిమికొట్టాడు. రిటైరయ్యాక టీచరమ్మ ఆ రోడ్డు మీదే ఇల్లు తీసుకున్నారు. చుట్టాలకు గాలి బాగుంటుందని చెప్పారు. మాకు మాత్రం అసలు కారణం తెలుసు.

ఆ శనివారం మధ్యాహ్నం ఆమె పాడె ఆ కంచె పక్కనుంచే వెళ్లింది. కంచె పొడుగునా నాభి విరగబూసి ఉంది. మోస్తున్నవాళ్లు చెప్పకుండానే నడక తగ్గించారు. ఆమె మీద గునుగు ఉంది, బంతి ఉంది. గల్లీ అంతా ఆ పూల పక్కనుంచి నడిచింది. ఏడుస్తున్న లచ్చవ్వ పెద్దమ్మ కొంగు కంచెకు తగిలితే, ఆగి, ముల్లు నుంచి కొంగును విడిపించుకుని, తీగను సరిచేసి ముందుకు కదిలింది. టీచరమ్మ కోసం కూడా ఎవరూ ఒక్క నాభి పువ్వు తెంపలేదు. ఒక టీచరుకు ఇంతకన్నా పెద్ద గెలుపు ఉంటుందా?

ఇవాళ సాయంత్రం పెద్దమ్మా నేనూ అక్కడికి వెళ్లి చూసి వచ్చాం. రోడ్డుకు అవతలి పక్కన, కంచె లేనిచోట, ఒక కొత్త నాభి తీగ కనబడింది. ఏ పిట్ట దాటించిందో. ఆ పక్క అంచు వేరే మేస్త్రీది, మమ్మల్ని ఎరగడు. రేపు సప్తమి. పొద్దున టెంపో బయల్దేరకముందే నేను వెళ్లి ఆయనతో మాట్లాడాలి, అరవాల్సి వస్తే అరవాలి. తర్వాత ఆ పక్క గునుగంతా కోస్తాం. ఒక్క గునుగు మొక్కను మాత్రం వదిలేస్తాం. పట్టుకోవడానికి ఇంకేమీ లేక ఆ తీగ తన ఆకు కొసను దాని కాడకే చుట్టుకుంది.