వేగంగా లాగిన కడ్డీ

కువైట్‌లోని దజీజ్‌లో, ఇనుప కడ్డీల బలం పరీక్షించే ల్యాబ్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. కడ్డీని మిషన్‌కి బిగించి తెగేదాకా లాగడమే నా పని. నిదానంగా లాగితే దాని అసలు బలం తెలుస్తుంది. వేగంగా లాగితే ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఉక్కు గుణమే అంత.

ఆ గుణం మా మేనేజరుకి బాగా తెలుసు. నాదీ అతనిదీ కోనసీమే. ఏ కడ్డీ అయినా కొద్దిలో ఫెయిలైతే చాలు, వచ్చి నా వెనకే నిలబడేవాడు.

“ఏంటయ్యా చూత్తావు? స్పీడు పెంచి ఇంకోటి లాగు. ఇఖామా రెన్యువల్‌కి మళ్లీ నా దగ్గరికే కదా వత్తావు!”

ఒళ్లు మండేది. అయినా ఇఖామా లేకపోతే ఈ దేశంలో ఉండనివ్వరు కాబట్టి పెంచేవాణ్ణి.

ఓ అపార్ట్‌మెంట్ పని చూసే ఇంజనీరు ఒకరోజు చెప్పకుండా వచ్చి నా గ్రాఫ్ చూశాడు. “ఇంత తొందరగా ఎలా తెగింది?” అంటూ అదే కట్టలోంచి ఇంకో కడ్డీ తీయించి, తన ఎదుటే నిదానంగా లాగించాడు. ఫెయిలైంది.

మేనేజరు వెంటనే నా వైపు వేలు చూపించి, “వీడు కొత్తవాడు సార్, పని రాదు” అన్నాడు హిందీలో. చేతిలో ఉన్న కడ్డీ ముక్కతో అతని మొహం పగలగొట్టాలనిపించింది.

ఇంజనీరు నన్నే అడిగాడు. “ఇంతకుముందు ఎన్ని ఇలా పాస్ చేశావు?”

“ఒక్కటీ లేదు సార్.”

ఆయన వెళ్లాక మేనేజరు, “మనోళ్లం కదా, ఏమీ అనుకోకు. ఖలాస్” అని భుజం మీద చెయ్యి వేయబోయాడు. విసిరికొట్టాను. అతన్ని ఈ రోజుకీ క్షమించలేదు. కానీ ఆ చివరి అబద్ధం అతను చెప్పమనలేదు. నేనే చెప్పాను. ఆ కడ్డీలు వేసిన ఇళ్లలో ఇప్పుడు జనం ఉంటున్నారు.