దారం రెండుగా కనిపించాలి

మా పాప ఒకటో తరగతిలో ఉన్నప్పటి సంగతి. భూపాలపల్లిలో, గని కార్మికుల క్వార్టర్స్‌లో ఉంటాం. అలసిపోతే చాలు, దాని ఎడమ కన్ను మెల్లగా బయటికి జరిగేది. పిలిస్తే మళ్లీ సర్దుకునేది. ఎండలోకి వెళ్తే ఆ కన్ను మూసుకునేది.

"మెల్లకన్ను అదృష్టం. దవాఖాన ఎందుకు?" అంది కొత్తగూడ నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అత్తమ్మ.

అయినా వరంగల్ తీసుకువెళ్లాం. కన్ను పక్కకు పోయినప్పుడల్లా మెదడు ఆ చూపును పట్టించుకోవడం మానేస్తుందట. ఇప్పటికి ఆపరేషన్ వద్దు, రెండు కళ్లకూ కలిసి చూడడం నేర్పిద్దాం అంది డాక్టరమ్మ. రంగు పూసలు గుచ్చిన దారం ఇచ్చింది. ఒక కొస ముక్కుకు ఆనించి, రెండో కొస కిటికీకి కట్టి పూసను చూడాలి. రెండు కళ్లూ పనిచేస్తే దారం రెండుగా కనిపించి పూస దగ్గర కలుస్తుంది.

పాపకు త్వరగానే విసుగొచ్చింది. నేను గదమాయిస్తే ఏడ్చేది. ఒక సాయంత్రం ఆ ఏడుపు చూడలేక అత్తమ్మే దారం కొస పట్టుకుని ఎదురుగా కూర్చుంది. పాపకు అది ఆటైపోయింది.

"ఇప్పుడు నీ వంతు నాయినమ్మా! ఎన్ని దారాలు కనవడుతున్నయ్?"

"ఒక్కటే."

"మంచిగ చూడు. రెండు కనవడాలె."

"ఒక్కటే బిడ్డా. నాకు ఎప్పటికీ గంతే."

అప్పుడు చూశాను అత్తమ్మ ముఖంలోకి సూటిగా. ఒక కన్ను పూస మీద ఉంది, రెండోది గోడ వైపు. ఫొటో తీయబోతే ముఖం తిప్పుకోవడం ఇన్నేళ్లూ సిగ్గనుకున్నాను.

"చిన్నప్పుడు అందరు నవ్వుతుండిరి. అదృష్టమని మా అవ్వ ఊకోబెడుతుండె," అని నవ్వింది. "గా అదృష్టం ఏందో ఎన్నడు కనవడలే."

పాప ఆమె కళ్ల మీద రెండు చేతులూ పెట్టి మెత్తగా నిమిరింది.

ఆ తర్వాత సాధన ఒక్క సాయంత్రం కూడా తప్పనివ్వలేదు అత్తమ్మ. జ్వరమొస్తే పాప కన్ను ఇప్పటికీ జరుగుతుంది. కానీ జరిగినట్టు తనకే తెలుస్తుంది, రెప్ప కొట్టి వెనక్కి తెచ్చుకుంటుంది. ముందు ముందు ఆపరేషన్ కావాల్సి రావచ్చు, రాకపోవచ్చు అంది డాక్టరమ్మ మొన్న. ఈసారి అత్తమ్మ కూడా వచ్చింది.

తిరుగు బస్సులో పరకాల దాటాక పాప ఆమె ఒళ్లో నిద్రపోయింది. ఊరొస్తోందని లేపబోయాను.

"ఆగు," అంది అత్తమ్మ. "కండ్లకు జర ఆరాం గావాలె."