పగిలిన అండం గురించి ఒక పేజీ

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా సడలిన ఏడాది అది. సింగపూర్‌లో ఒక ఐవీఎఫ్ క్లినిక్‌లో నేను ఎంబ్రియాలజిస్టుని. అంటే అండాన్నీ వీర్యకణాన్నీ మైక్రోస్కోపు కింద కలిపి, పిండం ఎదిగేదాకా కనిపెట్టుకుని ఉండే మనిషిని. ఒక శనివారం పొద్దున, ఇక్కడి జూలో వన్యప్రాణుల డాక్టరుగా పనిచేస్తున్న వరంగల్ అమ్మాయి శ్రీలత ఫోన్ చేసింది.

"అక్కా, మా ముసలి ఆడ రైనో పొద్దుగాల పోయింది. అండాశయాలు తీసినం. జల్ది చూడాలె. నువ్వు రావాలె."

అది దక్షిణ తెల్ల ఖడ్గమృగం. ఉత్తర ఉపజాతిలో ప్రపంచం మొత్తం మీద రెండే మిగిలాయి, రెండూ ఆడవే, గర్భం మోయలేనివి. వాటి అండాలతో ల్యాబులో పిండాలు చేసి దక్షిణ ఖడ్గమృగాల గర్భంలో పెట్టాలని శాస్త్రజ్ఞుల తపన. ఆ అరుదైన అండాల మీద చెయ్యి వేసేముందు, పద్ధతంతా దక్షిణ ఖడ్గమృగాల అండాల మీదే నేర్చుకోవాలి.

యూనివర్సిటీ ల్యాబు గుమ్మం దగ్గర ఆ అండాశయాలున్న ఐస్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని నారాయణ అంకుల్ కూర్చుని ఉన్నాడు. ఆ జంతువును ఏళ్ళ తరబడి సాకిన మనిషి. తాతల కాలంలోనే మలయాకు వచ్చిన తెలుగు కుటుంబం.

"దానికి పిల్లలే పుట్టలేదు. ఇప్పుడైనా ఒక పిల్ల వస్తుందామ్మా?"

"చూద్దాం అంకుల్," అన్నాను.

ఏడు అండాలు దొరికాయి. ఇంక్యుబేటర్‌లో ఉంచితే సోమవారానికి రెండు మాత్రమే పక్వమయ్యాయి. జూ దాచి ఉంచిన ఖడ్గమృగం వీర్యకణాన్ని ఎక్కించడానికి మొదటిదానిలోకి, మనుషుల అండానికి అలవాటైన ఒత్తిడితోనే సూది దింపాను. పైపొర లొంగలేదు. ఇంకాస్త నొక్కాను. అండం పగిలిపోయింది. రెండోదానికి సూదిని సన్నగా కంపింపజేసే పియెజో అనే పరికరం వాడాను. మర్నాటికి అది రెండు కణాలైంది. శ్రీలత నా భుజం గట్టిగా పట్టుకుంది.

మూడో రోజుకీ రెండే కణాలు. లోపల నల్లబడింది.

దంపతులకు ఇలాంటి కబురు చెప్పేటప్పుడు "మళ్ళీ ప్రయత్నిద్దాం" అంటాను. ఆరోజు ఆ మాట అనలేదు.

"ఆగిపోయింది అంకుల్. ఇంకోదాన్ని నా చేతులతో నేనే పాడుచేశాను."

ఆయన చాలాసేపు మైక్రోస్కోపులోకి చూశాడు. "ఎట్లా పాడైందో రాసిపెట్టమ్మా," అన్నాడు చివరికి. "ఇంకొకరు అట్లా చెయ్యకుండా."

రాశాను. సూది కోణం, ఒత్తిడి, తొందరపాటు, ఏదీ దాచలేదు. శ్రీలత దాన్ని ఉత్తర ఖడ్గమృగాల మీద పనిచేస్తున్న విదేశీ బృందానికి పంపింది. కొన్ని నెలలకు జవాబు వచ్చింది: కొత్తవాళ్ళ శిక్షణలో ఆ పేజీని చేర్చారట.

దానివల్ల ఉత్తర ఖడ్గమృగాల అండం ఒక్కటైనా బతికిందో లేదో నాకు తెలియదు. అప్పటిదాకా ఫలించిన కేసుల నోట్సే పదిలంగా దాచుకునేదాన్ని. ఇప్పుడు మా క్లినిక్‌లో ఎవరు కొత్తగా చేరినా, ముందు నేను చేసిన తప్పులు చదివిస్తాను.