రెండు సర్కార్ల మోదుగులు

చేవెళ్ల నుంచి మొయినాబాదు పోయే దారిలో, మా ఊరి కింద ఒక వాగు ఉండేది. ఇవతలి ఒడ్డు సర్కారుది, అవతలి ఒడ్డు ఒక నవాబు జాగీరుది. జాగీరుకు కచ్చేరి వేరు, చెట్లు కాసే జవాను వేరు, అందుకే మాకు అదీ ఒక సర్కారే. మోదుగు చెట్లు మాత్రం రెండు ఒడ్ల మీదా ఒకటే తీరుగా ఉండేవి.

నా భర్త జ్వరంతో పోయినప్పటి నుంచి ఆ ఆకే నాకు తిండి పెట్టింది. పొద్దున్నే పోయి ఆకు తెంపి, ఇంటికి తెచ్చి, పుల్లలు చీల్చి విస్తర్లు కుట్టేదాన్ని. పెళ్లిళ్లకు నా విస్తర్లు పోయేవి, నేను పోయేదాన్ని కాదు. ముండమోసినదాన్ని ఎవరు పిలుస్తారు? ఎవరితోనూ ఒక్క మాట ఆడకుండా రోజులకు రోజులు గడిచేవి. చెట్ల కింద ఉన్నంతసేపే ఆ సంగతి గుర్తుకు రాకపోయేది.

యుద్ధం వచ్చింది. పెట్రోలు దొరకక బస్సులు బొగ్గు మీద నడుస్తున్నాయన్నారు. కట్టె కాల్చి బొగ్గు చేసేవాళ్లు గొడ్డళ్లు పట్టుకుని మా వాగుకు దిగారు. ఇవతలి జవాను తరిమితే అవతలికి దాటేవాళ్లు, అవతలి జవాను తరిమితే ఇవతలికి. నీళ్లు పిక్కల లోతే. అయినా జవాన్లు హద్దు దాటేవాళ్లు కాదు.

సర్కారు కచ్చేరికి పోయాను. గుమ్మం దగ్గర చప్రాసీ ఆపాడు.

"చెట్లు నరుకుతున్నరు బాంచెన్" అన్నాను.

"ఏ ఒడ్డుకు?"

"రెండొడ్లకు."

"నరికెటోళ్లు అవుతలోళ్లు. పోయి ఆళ్ల కచ్చేరిల చెప్పు."

జాగీరు కచ్చేరికి పోతే అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే "ఇవన్ని అవుతలోళ్ల పనులు" అన్నాడు.

"నాకు రెండు దిక్కుల అవుతలోళ్లే ఉన్నరు దొరా. ఇవుతలోళ్లు ఎవరో చెప్పు, ఆళ్ల కాళ్లు పట్టుకుంట" అన్నాను. నవ్వి బయటికి పొమ్మన్నాడు.

చెట్లు పోయిన చోట వానలకు ఒడ్డు విరిగి, రెండు వైపులా పొలాలు కోసుకుపోయాయి. అప్పుడు రైతులు కదిలారు. ఎండాకాలంలో రెండు కచ్చేరీల పెద్దలు వాగు ఇసుకలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు, ఎవరి వైపు వాళ్లు. ఇక ఏ ఒడ్డున నరికినా రెండు సర్కార్లకూ తప్పు చేసినట్టేనని ఉర్దూలో రాయించి, మా పట్వారీతో తెలుగులో చదివించారు. సాక్షులతో వేలిముద్రలు వేయించారు. ఆకు తెంపేది నేనే గనుక నాతోనూ వేయించారు. ఆ పూట నాకు తినకుండానే కడుపు నిండింది.

వాళ్లు లేస్తుంటే అడిగాను. "కావలి ఎవరుంటరు బాంచెన్?"

సర్కారు ఆయన జాగీరు ఆయన వైపు చూశాడు. జాగీరు ఆయన సర్కారు ఆయన వైపు చూశాడు. "అది మల్ల మాట్లాడుకుంటం" అన్నారు.

ముందు తిట్టుకుంటూనైనా ఎవరి ఒడ్డు వాళ్లు కాసేవాళ్లు. కాగితం అయ్యాక, ఆయన ఉన్నాడు కదా అని ఈయన, ఈయన ఉన్నాడు కదా అని ఆయన, జవాన్లు ఇద్దరూ రావడం మానేశారు.

నెల తిరగకుండానే అవతలి ఒడ్డున గొడ్డలి చప్పుడు వినబడింది. వాగు దాటి పోయాను. ఒక్కడే ఉన్నాడు.

"నరకొద్దని కాయితమున్నది తమ్మీ."

"ఏడున్నదక్కా?"

"కచ్చేరిల."

"నేను కచ్చేరిల నరుకుతలేను గద. ఇంతకు నువ్వు ఏ సర్కారు మనిషివి?"

"రెండిటి మనిషిని. ఏలుముద్ర ఏసిన."

అతను చాలాసేపు నవ్వాడు. తర్వాత చెమట తుడుచుకుని, "ఆకలి నీకెంతనో నాకు గంతనే" అన్నాడు. అబద్ధం కాదు. నేను పోయి చెట్టు మొదట్లో కూర్చున్నాను.

"సరే, నువ్వు కూసున్నది ఇడుస్త" అని పక్క చెట్టుకు పోయాడు.

ఆ తర్వాత రోజూ పోయి కూర్చున్నాను. ఒక్కదాన్ని ఎన్ని చెట్ల కింద కూర్చుంటాను? నా కేక వినబడినంత మేర కొన్ని మిగిలాయి. వాగు మలుపు అవతల మోడులే.

సర్కార్లు కలిస్తే వాగు బతుకుతుందా అని ఎవరైనా అడిగితే, కలవనిదే బతకదంటాను. రెండు గుమ్మాలూ తొక్కినదాన్ని నేనే కదా. కానీ ఆ రోజు కుర్చీలు ఎత్తుకుని ఇద్దరూ పోయారు. ఇద్దరిలో ఒకరి మనిషన్నా అక్కడ ఉండాల్సింది.

మరుసటి ఏడు విస్తర్లకు ఆకు చాలలేదు. వానలు పడ్డాక పక్క ఊరు ముడిమ్యాలకు కూలికి కలుపు తీయడానికి పోయాను. అక్కడి ఆడవాళ్లు వరుసగా పాడుకుంటూ సాగేవాళ్లు. నేను వాళ్ల వెనక చివరి సాలు పట్టుకునేదాన్ని.